రౌతు కొద్దీ గుర్రం

పిల్లలూ, చతురంగ బలాలంటే రథాలు, ఏనుగులు, గుర్రాలు, కాలిబంట్లు అని మీరు భారత కథల్లో చదువుకునే ఉంటారు. వీటిలో రథాలు అన్నిటికన్న ముందు యుద్ధభూమిని వదిలాయి. తరవాత ఏనుగులు వదిలాయి. గుర్రాలు మాత్రం తుపాకులూ ఫిరంగులూ వచ్చాక కూడా చాలాకాలం నిలిచాయి. ఎన్నో దేశాల సైన్యాల్లో గుర్రపు దళాలు ఉండేవి. వాటిలో అమెరికా సంయుక్త రాష్ట్రాల గుర్రపు దళాల కథ ఈ నెల చెప్పుకుందాం.

మనకొక సామెత ఉన్నది: రౌతు కొద్దీ గుర్రం. రౌతు తెలివైనవాడైతే గుర్రం అతని మనసు కనిపెట్టి నడుస్తుంది. తెలివితక్కువవాడైతే అదే గుర్రం అతణ్ణి గోతిలో పడేస్తుంది. ఒక రౌతుకూ ఒక గుర్రానికీ పుట్టిన ఈ మాట, వెయ్యి గుర్రాలున్న పటాలానికీ దాని నాయకుడికీ కూడా చెల్లుతుంది. ఎలా చెల్లుతుందో మీరే చూస్తారు.

పటాలం ఎలా ఉండేది?

అమెరికా వాళ్ళు 1775లో ఇంగ్లండు మీద స్వాతంత్ర్య యుద్ధం మొదలుపెట్టినప్పుడు వాళ్ళకు చెప్పుకోదగిన గుర్రపు దళం లేదు. పోలండు దేశం నుంచి కాసిమిర్ పులాస్కీ అనే వీరుడు 1777లో వచ్చి, వాళ్ళ రౌతులకు యుద్ధవిద్య నేర్పాడు. 1779లో సవన్నా నగరం వద్ద జరిగిన యుద్ధంలో ఆయన ప్రాణాలే ఇచ్చాడు. అమెరికా ఆశ్వికదళానికి ఆయనను తండ్రిగా ఈనాటికీ చెప్పుకుంటారు.

యుద్ధం ముగియగానే ఆ దళాలను రద్దు చేశారు. కారణం ఖర్చు. సైన్యం లెక్క ప్రకారం ఒక్కొక్క గుర్రానికి రోజుకు ఐదున్నర కిలోల గింజలూ, ఆరు కిలోల పైచిలుకు ఎండుగడ్డీ కావాలి. వెయ్యి గుర్రాలకు నెలకు ఎంత కావాలో మీరు పలక మీద లెక్క కట్టి చూడండి. దీనికి తోడు జీనులు, కళ్ళేలు, లాడాలు, లాడాలు కొట్టే కమ్మరివాళ్ళు. అందుచేత గుర్రపు దళమంటే ప్రభుత్వానికి ఎప్పుడూ భయమే.

కాని దేశం పడమరకు పెరిగింది. అక్కడ వందల మైళ్ళ గడ్డి మైదానాలు ఉన్నాయి. కాలినడకన పోయే సైనికులు అక్కడ ఏమీ చెయ్యలేరు. అందుకని 1833లో హెన్రీ డాడ్జ్ అనే ఆయన నాయకత్వాన ఒక గుర్రపు పటాలం ఏర్పాటు చేశారు. తరవాత 1836లో ఒకటి, 1846లో ఒకటి, 1855లో రెండు, 1861లో ఒకటి వచ్చాయి. 1861లో ఈ ఆరింటికీ వరసగా 1 నుంచి 6 వరకు అంకెలు ఇచ్చారు.

ఒక పటాలంలో పన్నెండు చిన్న దళాలు ఉండేవి. పటాలానికంతకూ కర్నల్ అధిపతి. అతని కింద లెఫ్టినెంట్ కర్నల్, ఆ కింద మేజర్లు, ఒక్కొక్క చిన్న దళానికి ఒక కెప్టెన్. ఈ దళాలకు ఇంగ్లీషు అక్షరాలు పేర్లుగా పెట్టారు. అయితే ‘ఐ’ తరవాత రావలసిన ‘జె’ అక్షరాన్ని వదిలేశారు. చేతిరాతలో ఆ రెండూ ఒకేలాగ కనబడతాయి. ఒక దళానికి పంపిన ఉత్తరువు ఇంకొక దళానికి చేరితే ఎంత ప్రమాదం! మీ గురువులు అక్షరాలు విడివిడిగా, స్పష్టంగా రాయమని ఎందుకు చెబుతారో ఇప్పుడు తెలిసిందా?

సినిమాల్లో లాగ ఈ రౌతులు ఎప్పుడూ గుర్రాల మీదనే యుద్ధం చెయ్యలేదు. తరచు గుర్రాలు దిగి తుపాకులతో పోరాడేవారు. అప్పుడు ప్రతి నలుగురిలో ఒకడు నాలుగు గుర్రాలనూ పట్టుకుని వెనక నిలబడేవాడు. తక్కిన ముగ్గురూ ముందుకు పోయేవారు. అంటే నాలుగువందల మంది దళం గుర్రాలు దిగితే మూడువందల మందే పోరాడతారన్నమాట.

ఒకే పటాలం, రెండు పక్షాలు

1855లో ఏర్పడిన రెండు పటాలాల్లో ఒకదాని పెద్దలను చూడండి. కర్నల్ ఆల్బర్ట్ సిడ్నీ జాన్‌స్టన్. లెఫ్టినెంట్ కర్నల్ రాబర్ట్ లీ. మేజర్లు విలియం హార్డీ, జార్జ్ థామస్. నలుగురూ ఒకే డేరాల వరసలో ఉన్నవాళ్ళు, ఒకే జెండాకు వందనం చేసినవాళ్ళు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. దక్షిణాది రాష్ట్రాలు బానిసత్వాన్ని వదులుకోవటం ఇష్టంలేక దేశం నుంచి విడిపోయాయి. జాన్‌స్టన్, లీ, హార్డీ దక్షిణాది పక్షం చేరి పెద్ద సేనానులయ్యారు. జాన్‌స్టన్ 1862లో షైలో యుద్ధంలో మరణించాడు. థామస్ కూడా దక్షిణాదివాడే. లీ పుట్టిన వర్జీనియా రాష్ట్రంలోనే పుట్టాడు. కాని ఆయన తాను చేసిన ప్రమాణం తప్పనన్నాడు. దేశం పక్షానే నిలిచాడు. ఆయన అక్కచెల్లెళ్ళు ఆయనను మళ్ళీ తమవాడుగా తలచలేదు. 1863లో చికమాగా యుద్ధంలో చుట్టూ ఉన్న సైన్యం చెదిరి పారిపోతున్నా, ఆయన తన మనుషులతో కొండలాగ నిలబడ్డాడు.

ఇంకొక విచిత్రం కూడా జరిగింది. దక్షిణాది రౌతులకు నాయకుడు జెబ్ స్టువర్ట్ అనే యువకుడు. 1862 జూన్‌లో అతను 1200 మంది రౌతులతో బయలుదేరి, ఉత్తరాది సైన్యం చుట్టూ పూర్తిగా ఒక ప్రదక్షిణం చేసి వెనక్కు వచ్చాడు. అతణ్ణి తరిమిన ఉత్తరాది రౌతుల నాయకుడు ఎవరనుకున్నారు? అతనికి పిల్లనిచ్చిన మామగారు, ఫిలిప్ కుక్! మామగారు అల్లుణ్ణి పట్టుకోలేకపోయాడు. స్టువర్ట్‌కు గొప్ప పేరు వచ్చింది. కాని 1864 మే నెలలో ఒక పోరులో తుపాకి గుండు తగిలి అతను మరణించాడు. అప్పటికి అతని వయసు 31.

గుర్రమంటే పడని సంగీతం మాస్టారు

ఆ యుద్ధంలో ఉత్తరాదికి కూడా ఒక గొప్ప రౌతు దొరికాడు. ఆయన పేరు బెంజమిన్ గ్రియర్సన్. ఆయన సైనికుడు కాడు. ఇలినాయ్ రాష్ట్రంలో సంగీతం పాఠాలు చెప్పేవాడు. తరవాత వర్తకం చేసి నష్టపోయాడు. పైగా ఎనిమిదేళ్ళ వయసులో ఒక గుర్రం ఆయన ముఖం మీద తన్నింది. అప్పటినుంచీ గుర్రాలంటే ఆయనకు నమ్మకం లేదు. అటువంటివాణ్ణి సైన్యంలో గుర్రపు దళానికే వేశారు!

1863 ఏప్రిల్ 17న గ్రియర్సన్ 1700 మంది రౌతులతో టెనెస్సీ రాష్ట్రంలోని లా గ్రాంజ్ నుంచి బయలుదేరాడు. శత్రువుల నట్టనడి దేశంలోకి పోయి, రైలు పట్టాలు పాడుచేసి, శత్రు సేనాని దృష్టిని తన వైపు తిప్పుకోవాలి. ఆ సమయంలో ఉత్తరాది సేనాని గ్రాంట్ మిసిసిపీ నదిని దాటి విక్స్‌బర్గ్ కోటను ముట్టడించాలి. ఇదీ ఎత్తు.

గ్రియర్సన్ జేబులో ఒక దిక్సూచి, ఒక చిన్న పటం, ఒక మోర్సింగు ఉన్నాయి. తెలివి మాత్రం చాలా ఉన్నది. నాలుగో రోజున జబ్బుపడినవాళ్ళనూ, అలసిన గుర్రాలనూ ఏరి 175 మందిని వెనక్కు పంపాడు. వాళ్ళను నలుగురేసి వరసల్లో నడవమన్నాడు. దారిలో ఆ డెక్కల గుర్తులు చూసినవాళ్ళు పటాలమంతా వెనక్కు పోయిందనుకోవాలని ఆయన ఉద్దేశం. మర్నాడు ఎడ్వర్డ్ హాచ్ అనే కర్నల్‌ను ఒక పటాలంతో ఇంకొక దారిన తిప్పి పంపాడు. తరిమేవాళ్ళు హాచ్ వెంటపడ్డారు. మిగిలిన సుమారు 950 మందితో గ్రియర్సన్ నిశ్చింతగా దక్షిణానికి సాగాడు. న్యూటన్ అనే స్టేషను వద్ద రెండు రైళ్ళు పట్టి, పట్టాలు ఊడబెరికించాడు. పదహారు రోజుల్లో ఆరువందల మైళ్ళు నడిచి, మే 2న బేటన్ రూజ్ నగరంలో ఉన్న తమ సైన్యాన్ని చేరాడు. అంత సాహసంలోనూ ఆయన మనుషుల్లో చనిపోయినవారు ముగ్గురు, గాయపడినవారు ఏడుగురు.

ఈలోగా గ్రాంట్ నది దాటనే దాటాడు. జులై 4న విక్స్‌బర్గ్ కోట లొంగిపోయింది.

పదో పటాలం

అంతర్యుద్ధం 1865లో ముగిసింది. బానిసలకు విముక్తి వచ్చింది. మరుసటి ఏడు అమెరికా ప్రభుత్వం ఇంకా నాలుగు గుర్రపు పటాలాలు ఏర్పాటు చేసింది: 7, 8, 9, 10. వీటిలో 9, 10 పటాలాల్లో సైనికులందరూ నల్లజాతివాళ్ళు. వాళ్ళలో చాలామంది నిన్నటిదాకా బానిసలు. నెలకు 13 డాలర్ల జీతం. తెల్ల సైనికులకూ అంతే. కాని అధికారులు మాత్రం తెల్లవాళ్ళే ఉండాలన్నారు. నల్లవారికి నాయకత్వం వహించటం చిన్నతనమని ఎంతోమంది అధికారులు ఆ ఉద్యోగాలు వద్దన్నారు.

తొమ్మిదో పటాలాన్ని హాచ్ తీసుకున్నాడు. పదో పటాలాన్ని గ్రియర్సన్ తీసుకున్నాడు. మొదటినుంచీ ఆయనకు పోరాటమే. తన పటాలం ఏర్పడిన కోటలో అధికారి నల్ల సైనికులను బురద నేలలో డేరాలు వేసుకోమన్నాడు. వాళ్ళు జబ్బుపడ్డారు. గ్రియర్సన్ ఊరుకోలేదు. ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. చివరకు 1867లో పటాలాన్ని అక్కడినుంచి ఇంకొక కోటకు తరలించాడు. రికార్డుల్లో తన పటాలం పేరు పక్కన ‘నల్లవారి’ అనే మాట రాయటానికి ఆయన ఒప్పుకోలేదు. ‘పదో ఆశ్విక పటాలం’ అని రాస్తే చాలన్నాడు.

ఆ సైనికుల్లో చాలామందికి చదువు రాదు. బానిసలకు చదువు చెప్పటం దక్షిణాదిలో అనేక చోట్ల నేరంగా ఉండేది. అందుచేత ఈ పటాలాలకు మతగురువులను నియమించి, వాళ్ళచేత సైనికులకు చదువు చెప్పించాలని చట్టంలోనే రాశారు. పగలు కవాతు, రాత్రి దీపం ముందు అక్షరాలు. సైన్యం నుంచి పారిపోవటం ఆ రోజుల్లో పెద్ద జబ్బుగా ఉండేది. కాని అన్ని పటాలాల్లోకీ ఈ నల్ల పటాలాల నుంచి పారిపోయినవారు చాలా తక్కువ. మైదానాల్లోని ఆదివాసులు వీళ్ళకు ‘అడవిదున్న సైనికులు’ అని పేరు పెట్టారు. వాళ్ళు దేవుడిలాగ చూసుకునే జంతువు అడవిదున్న. ఆ పేరు వీళ్ళకు బిరుదై నిలిచింది.

1880లో విక్టోరియో అనే అపాచీ నాయకుడు తన మనుషులతో టెక్సాస్ ఎడారిలోకి వచ్చాడు. పుట్టిన చోటు నుంచి వెళ్ళగొట్టి, పనికిరాని నేలలో ఉండమన్నందుకు తిరగబడ్డ వీరుడతను. అతణ్ణి తరిమి సైన్యాలు అలిసిపోయాయి. గ్రియర్సన్ తరమటం మానేశాడు. ఎడారిలో ఎవరైనా నీళ్ళు తాగాలి గదా! నీటిగుంటలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, అక్కడ తన సైనికులను కాపలా పెట్టాడు. నీరు దొరకక విక్టోరియో సరిహద్దు దాటి మెక్సికోకు వెళ్ళిపోయాడు. పెద్ద సంహారం లేకుండానే టెక్సాస్‌లో ఆ యుద్ధం ముగిసింది.

పదో పటాలానికి మరొక గౌరవం కూడా దక్కింది. 1856లో బానిసగా పుట్టిన హెన్రీ ఫ్లిప్పర్, వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో చదివి 1877లో పట్టా పొందాడు. అలా పట్టా పొందిన మొదటి నల్లజాతివాడు అతనే. అతను పదో పటాలంలో అధికారిగా చేరాడు. ఒక కోట వద్ద మడుగుల్లో నిలవనీరు చేరి మలేరియా వస్తుంటే, అతను కాలువ తవ్వించి ఆ నీటిని తీయించాడు. ఆ కాలువ ఇప్పటికీ ‘ఫ్లిప్పర్ కాలువ’. 1882లో అతణ్ణి సైన్యం నుంచి అన్యాయంగా తొలగించారు. గ్రియర్సన్ అతని పక్షాన ఉత్తరం రాసినా లాభం లేకపోయింది. అతను చనిపోయిన చాలా ఏళ్ళకు, 1976లో సైన్యం ఆ మచ్చ తుడిచింది. 1999లో అధ్యక్షుడు క్లింటన్ అతనికి పూర్తి క్షమాపణ పత్రం ఇచ్చాడు.

ఏడో పటాలం

ఇక ఏడో పటాలం సంగతి. దీనికి లెఫ్టినెంట్ కర్నల్ జార్జ్ కస్టర్. వెస్ట్ పాయింట్‌లో 1861లో పట్టా పొందినవాళ్ళు 34 మంది. వాళ్ళలో కస్టర్ 34వ వాడు! కాని ధైర్యానికి లోటులేదు. అంతర్యుద్ధంలో 23 ఏళ్ళకే బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. పొడుగాటి బంగారు జుట్టు, మెరిసే దుస్తులు. ఎప్పుడూ అందరికన్న ముందు తన గుర్రమే ఉండాలి. వరసగా విజయాలు రావటంతో, అదృష్టం తన జేబులో ఉన్నదనుకున్నాడు.

1868లో ప్రభుత్వం లకోటా జాతివాళ్ళతో ఒక ఒప్పందం చేసుకున్నది. నల్లకొండల ప్రాంతం వాళ్ళదేనని రాసి ఇచ్చింది. 1874లో కస్టర్ ఏడో పటాలంతో ఆ కొండల్లోకి పోయాడు. అక్కడ బంగారం ఉన్నదనే వార్త బయటపడింది. వెంటనే బంగారం కోసం జనం ఎగబడ్డారు. ప్రభుత్వం ఒప్పందాన్ని నిలబెట్టే బదులు, లకోటాలను కొండలు వదిలి రమ్మన్నది. వాళ్ళు రామన్నారు. 1876లో వాళ్ళ మీదికి సైన్యాలు కదిలాయి.

కస్టర్ వెంట సుమారు 600 మంది ఉన్నారు. బయలుదేరేముందు రెండో పటాలం నుంచి నాలుగు దళాలను తోడు ఇస్తామంటే వద్దన్నాడు. వరసగా గుండ్లు కురిపించే గాట్లింగ్ తుపాకులు ఇస్తామంటే, బరువని వద్దన్నాడు. జూన్ 25న మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గరికి చేరాడు. దారి చూపే ఆదివాసి వేగులవాళ్ళు తెల్లవారుజామునే దూరాన కనిపించే గుర్రాల మందలు చూసి, అవతల ఉన్న పల్లె చాలా పెద్దదని చెప్పారు. కస్టర్‌కు కంటికి కనిపించలేదు, చెవికీ ఎక్కలేదు. ఇంకొక సైన్యం వచ్చి కలిసేదాకా ఆగకుండా, ఉన్న కొద్ది బలాన్నీ ముక్కలు చేసి ఆ పల్లె మీద పడ్డాడు.

ఆ పల్లెలో సిట్టింగ్ బుల్ అనే పెద్ద ఉన్నాడు. క్రేజీ హార్స్ వంటి యోధులు ఉన్నారు. లకోటాలు, షయాన్లు వేలకొద్దీ కలిసి ఉన్నారు. వాళ్ళు తమ ఇళ్ళకోసం, తమ పిల్లలకోసం పోరాడారు. కస్టర్‌తో ఉన్న సుమారు 210 మందిలో ఒక్కడూ మిగలలేదు. కస్టర్ తమ్ముళ్ళు ఇద్దరు, మేనల్లుడు, బావ కూడా అక్కడే పడిపోయారు. మొత్తం మీద ఆ పటాలంలో చనిపోయినవారు 268 మంది.

రెండు రోజులకు మరో సైన్యం వచ్చింది. చాలా గుర్రాలను గెలిచినవాళ్ళు తోలుకుపోయారు. శవాల మధ్య ఒళ్ళంతా గాయాలతో ఒక గుర్రం మాత్రం మిగిలి ఉన్నది. దాని పేరు కోమాంచీ. చనిపోయిన కెప్టెన్ కియో గుర్రం అది. దానికి చికిత్స చేసి బతికించారు. ఏడో పటాలానికి అసలు కర్నల్ స్టర్జిస్ అనే ఆయన. యుద్ధం నాడు ఆయన వేరే ఊళ్ళో పనిమీద ఉన్నాడు. ఆయన కొడుకు, కుర్ర అధికారి, ఆ యుద్ధంలోనే పోయాడు. ఆ తండ్రి 1878లో ఒక ఉత్తరువు వేశాడు: కోమాంచీ మీద ఇక ఎవ్వరూ ఎక్కకూడదు, దానిచేత ఏ పనీ చేయించకూడదు. ఆ గుర్రం 1891 దాకా హాయిగా బతికింది. దాన్ని ఈనాటికీ కాన్సస్ విశ్వవిద్యాలయం ప్రదర్శనశాలలో చూడవచ్చు.

చెప్పక తప్పని సంగతి

గుర్రపు పటాలాల కథలో వీరత్వమే లేదు. చెప్పటానికి నోరు రాని సంగతులు కూడా ఉన్నాయి. 1874లో నాలుగో పటాలం నాయకుడు రానల్డ్ మెకెంజీ టెక్సాస్‌లోని పాలో డ్యూరో లోయలో ఆదివాసుల పల్లెలపై పడి, వాళ్ళ గుర్రాలను పట్టుకున్నాడు. వెయ్యికి పైగా గుర్రాలను కాల్చి చంపించాడు. గుర్రం లేకపోతే ఆ మైదానంలో వేట లేదు, వేట లేకపోతే తిండి లేదు. ఆ జనం ఆకలితో, చలిలో కాలినడకన వచ్చి లొంగిపోయారు.

1890 డిసెంబరు 29న దక్షిణ డకోటాలోని వూండెడ్ నీ అనే వాగు దగ్గర, ఏడో పటాలం లకోటాల గుంపును చుట్టుముట్టి ఆయుధాలు లాక్కుంటున్నది. అప్పటి కర్నల్ జేమ్స్ ఫోర్సైత్. ఎక్కడో ఒక తుపాకి పేలింది. అంతే. సైనికులు ఫిరంగులతో సహా కాల్చారు. 250 మందికి పైగా లకోటాలు చచ్చిపోయారు. వాళ్ళలో స్త్రీలూ పసిపిల్లలూ ఎంతోమంది. ఆనాడు దాన్ని యుద్ధమన్నారు. పతకాలు కూడా ఇచ్చారు. సరిగా నూరేళ్ళకు, 1990లో, అమెరికా చట్టసభ దానికి విచారం ప్రకటించింది.

మర్నాడే ఏడో పటాలం ఒక లోయలో లకోటాల మధ్య చిక్కుకుపోయింది. దాన్ని విడిపించిందెవరో తెలుసా? నల్లవాళ్ళ తొమ్మిదో పటాలం. ఒక పగలూ రాత్రీ సుమారు నూరు మైళ్ళు స్వారీ చేసి అలిసిపోయి ఉండి కూడా, వాళ్ళు మళ్ళీ జీనులు బిగించి వచ్చారు.

పావుగంట నడిచిన రౌతు

ఆ తొమ్మిదో పటాలంలోనే చార్లెస్ యంగ్ అనే అధికారి తయారయ్యాడు. ఆయన 1864లో బానిసల ఇంట పుట్టాడు. 1889లో వెస్ట్ పాయింట్‌లో పట్టా పొందాడు. 1903లో కాలిఫోర్నియాలోని సికోయా జాతీయ వనానికి ఆయనను అధికారిగా వేశారు. ఆ రోజుల్లో ఈ వనాలకు గుర్రపు సైనికులే కాపలా. అక్కడి చెట్లు తాటిచెట్టుకు రెండు మూడింతలు ఎత్తు ఉంటాయి. కాని వాటిని చూడబోయేందుకు సరైన బండిదారి లేదు. యంగ్ తన సైనికులతో ఒక్క వేసవిలో ఆ దారి వేయించాడు.

1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో దిగింది. ఆ సమయానికే యంగ్‌కు రక్తపోటు ఉన్నదని చెప్పి, ఉద్యోగం విరమింపజేశారు. 1918లో, 54 ఏళ్ళ వయసున, ఒహాయో రాష్ట్రంలోని తన ఇంటినుంచి గుర్రమెక్కి రాజధాని వాషింగ్టన్‌కు బయలుదేరాడు. సుమారు 500 మైళ్ళు! పదహారు రోజుల్లో చేరాడు. ప్రతి గంటలోనూ పావుగంట సేపు గుర్రం దిగి, దాని పక్కన నడిచాడు. తన సత్తువ చూపించటానికి బయలుదేరినవాడు, గుర్రానికి విశ్రాంతి ఇవ్వటం మరవలేదు. ఆయనను మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారు, కాని యుద్ధం ముగియటానికి అయిదు రోజుల ముందు! 1922లో ఆయన మరణించాడు. నూరేళ్ళ తరవాత, 2022లో, ఆయనకు బ్రిగేడియర్ జనరల్ పదవి ఇచ్చి గౌరవించారు.

గుర్రాలు పోయాయి

యుద్ధంలోకి మరతుపాకులూ టాంకులూ వచ్చాక గుర్రాలకు చోటు లేకపోయింది. అమెరికా రౌతులు గుర్రాల మీద చివరిసారి దాడి చేసింది ఫిలిప్పీన్స్ దీవుల్లో, 1942 జనవరి 16న. జపాను సైన్యం మీద 26వ పటాలం రౌతులు మోరాంగ్ అనే గ్రామంలో దూకారు. ఆ పటాలంలో సైనికులు ఫిలిప్పీన్స్ వాళ్ళే.

తరవాత బటాన్ అనే చోట జపాను సైన్యం వాళ్ళను దిగ్బంధం చేసింది. తిండి అయిపోయింది. ఇక గుర్రాలను కోసి సైనికులకు పెట్టక తప్పలేదు. అక్కడి సేనాని జనరల్ వేన్‌రైట్ చిన్నప్పటినుంచీ గుర్రపు దళంలో పెరిగినవాడు. ఆయనకు ప్రాణంలాంటి గుర్రం ఒకటి ఉన్నది. ముందు తన గుర్రాన్నే చంపమని ఆయన ఆజ్ఞ ఇచ్చాడు. ఆ తరవాతే తక్కినవాటిని. కొద్ది నెలలకు ఆయన లొంగిపోవలసి వచ్చింది. మూడేళ్ళకు పైగా జపాను చెరలో, తన సైనికుల లాగే ఆకలితో మాడాడు. 1945లో జపాను లొంగిపోయిన సభలో ఎముకల గూడులాంటి ఆయనను అందరూ గౌరవంతో చూశారు.

1950లో అమెరికా సైన్యంలో ఆశ్వికశాఖ అనేది లేకుండా పోయి, టాంకుల శాఖలో కలిసింది. కాని పటాలాల పేర్లు మాత్రం ఉంచారు. 1965 నవంబరు 14న వియత్నాంలోని ఇయా డ్రాంగ్ లోయలో దిగిన దళం పేరేమిటో తెలుసా? ఏడో ఆశ్విక పటాలం! ఈసారి వాళ్ళ గుర్రాలు హెలికాప్టర్లు. నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ హెరాల్డ్ మూర్. బయలుదేరేముందు ఆయన తన మనుషులకు ఒక మాట ఇచ్చాడు: యుద్ధభూమిలో మొదటి అడుగు తనదే, అక్కడినుంచి తీసే చివరి అడుగూ తనదే, ఎవరినీ వదిలి రాడు. కస్టర్‌కు లాగే ఆయన దళాన్నీ ఎన్నో రెట్ల బలం చుట్టుముట్టింది. మూడు రోజులు పోరాటం జరిగింది. 79 మంది అమెరికా సైనికులు చనిపోయారు. అవతలి పక్షాన ఇంకా ఎంతోమంది పోయారు. మూర్ ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. తన వాళ్ళను, చనిపోయినవారితో సహా, అందరినీ ఎక్కించిన తరవాతే తాను హెలికాప్టరు ఎక్కాడు.

1993లో ఆయన మళ్ళీ ఆ లోయకు వెళ్ళాడు. ఆనాడు తనతో పోరాడిన వియత్నాం సేనాని కూడా వచ్చాడు. ఇద్దరు ముసలివాళ్ళూ ఆ గడ్డిలో నిలబడి, రెండు పక్షాల్లోనూ పోయిన కుర్రవాళ్ళను తలచుకున్నారు.

ఇప్పుడు చెప్పండి. కస్టర్‌కూ ధైర్యముంది, మూర్‌కూ ధైర్యముంది. పటాలం పేరు కూడా ఒక్కటే. తేడా ఎక్కడుంది? గ్రియర్సన్‌కు గుర్రమంటేనే పడదు. అయినా ఆయన వెనక నడిచినవాళ్ళు ఎక్కువమంది ఇంటికి చేరారు. కారణం ఏమిటి? కోమాంచీకి కస్టర్ ఎత్తుల సంగతి ఏమీ తెలియదు. గుండ్లు తగిలింది మాత్రం దానికి.

రేపు మీలో ఒకడు తరగతికి నాయకుడవుతాడు. ఒకతె ఆటల జట్టుకు నాయకురాలవుతుంది. పెద్దయ్యాక కొందరి కింద పదిమంది పనిచేస్తారు, కొందరి కింద వెయ్యిమంది పనిచేస్తారు. అప్పుడు కళ్ళెం మీ చేతిలో ఉంటుంది. వేగులవాడు చెప్పిన మాట చెవిని పెట్టండి. మీ వెనక వచ్చేవాళ్ళు ఎంత అలిసిపోయారో అప్పుడప్పుడు వెనక్కు తిరిగి చూడండి. గంటకొక పావుగంట మీరూ దిగి నడవండి.